పొయ్యి ముట్టించని నాడు

నిజాం సర్కారు లెక్కన ఫసలీ 1355, ఫర్వర్ది నెల నాలుగో తేదీ. ఆ పొద్దున చెన్నయ్య పంతులు జొన్నరొట్టె, అనపగింజల కూర తిన్నాడు. రెండో రొట్టె సగంలో ఉండగా బడి ముందర చెప్పుల చప్పుడైంది. మిగిలిన సగం అలాగే వదిలేసి లేచాడు. చాలా ఏళ్ళ తర్వాత కూడా ఆ తేదీ, ఆ కూర ఆయనకు కలిసే గుర్తుకు వచ్చేవి.

కేతేపల్లి నుంచి రెండు కోసులు లోపలికి నడిస్తే ఆ ఊరు. బడి అంటే ఒక్కటే గది. సర్కారు బడి, నాలుగు జమాతులు, ఒక్క పంతులు. గది వెనక ఇంకో చిన్న గదిలో ఆయన, భార్య అమృతమ్మ ఉండేవారు.

వచ్చినవాడు కాటమయ్య. దొర గడిలో పెద్ద జీతగాడు. అతని బిడ్డ అండాలు ఈ బడిలోనే రెండో జమాతు చదువుతోంది. కాటమయ్య గడప దాటలేదు. చేతికర్ర గోడకు ఆనించి, చెప్పులు విడిచి, బయటే నిలబడ్డాడు.

చెన్నయ్య చాప మీద కూర్చుని బొంగు కలాలు చెక్కడం మొదలుపెట్టాడు. మూడో జమాతు పిల్లలు వచ్చేసరికి పన్నెండు కలాలు కావాలి. కత్తి ఏటవాలుగా పెట్టి, కొన మీద సన్నగా చీలిక ఇచ్చి, గోటి మీద రాసి చూసి పక్కన పెడుతున్నాడు.

"దొర పిలుస్తనన్నడు పంతులూ. నేనే వద్దన్న. గడికి పిలిస్తె ఉత్తగ పోనియ్యరు గద, నీ ఇజ్జత్ ఎందుకు పోవాలె అన్న" అన్నాడు కాటమయ్య.

"ఏం పని పడ్డది?"

"నల్లగొండ కచేరీకి బుక్కు తీస్కపోతున్నవట. పిలగాండ్లను బడిల ఏసుకున్నప్పుడు రాస్తవు సూడు, గా బుక్కు. అండ్ల నాగులమ్మ కొడుకు పుట్టిన ఏడు జర ఎనుకకు జరుపాలె. రెండేండ్లు సాలు."

చెన్నయ్య చేతిలో కత్తి ఆగలేదు. ఈ మాట ఎప్పుడో ఒకరోజు వస్తుందని ఆయనకు తెలుసు.

నాగులమ్మ మొగుడు పెద్దులు బంచరాయి భూమిలో తుప్పలు కొట్టి, రాళ్ళు ఏరి, నాలుగెకరాలు సాగులోకి తెచ్చి పట్టా చేయించుకున్నాడు. అతను పోయాక పట్టా కొడుకు ఎల్లస్వామి పేరు మీదికి వచ్చింది. పోయినేడు ఖుర్దాద్ నెల ఎండల్లో ఎల్లస్వామిని గడికి పిలిపించారు. పొద్దుటి నుంచి జాము పొద్దు వాలేదాకా వీపు మీద బండ పెట్టి వంగబెట్టారు. తర్వాత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అది నాలుగెకరాలూ దొరకు అమ్మినట్టు రాసిన కాగితం. నాగులమ్మ ఊరూరా అడిగి నల్లగొండలో ఒక వకీలును పట్టుకుంది. వేలిముద్ర వేసిన నాటికి పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండకపోతే ఆ కాగితం చెల్లదన్నాడు వకీలు. పోలీసు పటేలు దగ్గరుండే పుట్టుకల పుస్తకంలో ఆ సంవత్సరాల పేజీలు లేవు. ఊరు మొత్తం మీద ఎల్లస్వామి పుట్టిన సంవత్సరం రాసి ఉన్నది బడి రిజిస్టరులో ఒక్కచోటే. 1338 అజూర్ ఒకటో తేదీ. ఆ లెక్కన వేలిముద్ర నాటికి వాడికి పదహారేళ్ళు.

"రాసింది రాసినట్టే ఉంటది కాటమయ్యా. ఆ బుక్కు మీద తనిఖీకి వచ్చిన ముగ్గురు సాహెబుల సంతకాలున్నయి."

"సంతకాలకు చెదలు పట్టదా?"

"నా ట్రంకు పెట్టెల చెదలు లేదు."

కాటమయ్య చిన్నగా నవ్వాడు. "మా అండాలు ఇంటికాడ నీ లెక్కనే మాట్లాడ్తది. ఒక్కటంటె ఒక్కటే అంటది." తర్వాత నవ్వు ఆపేశాడు. "పంతులూ, నీకు చెడు కోరి చెప్తలేను. దొర ఒక్కపాలి నెమ్మదిగ చెప్పుమన్నడు. రెండోపాలి నెమ్మదిగ చెప్పడు."

చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. చెన్నయ్య గోటి మీద కలం రాసి చూశాడు. చీలిక పక్కకు పోయింది. దాన్ని పారేసి ఇంకోటి అందుకున్నాడు.

మరునాడు పిల్లలు రాలేదు. బడికి పోయిన పిల్లల ఇంటివాళ్ళకు గడిలో వెట్టి పని చెబుతామని పొద్దున్నే డప్పు వేయించారట. చెన్నయ్య గంట కొట్టాడు. కాసేపు చూసి మళ్ళీ కొట్టాడు. హాజరు పుస్తకం తెరిచి, ఎదురుగా ఎవరూ లేకున్నా నలభై పేర్లూ ఒకటొకటే పైకి చదివి, ఒక్కో పేరు ముందర గైర్‌హాజరు గీత గీశాడు. అమృతమ్మ వెనక గది గుమ్మంలో నిలబడి విన్నది.

ఆమె బావికి వెళ్తే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగారు. చేద ఎవరూ ఇవ్వలేదు. ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది. సాయంత్రం పెరటి తలుపు తీసేసరికి గడప పక్కన నీళ్ళు నిండిన కుండ, దాని మీద మోదుగాకు మూత ఉన్నాయి. ఎవరు పెట్టారో తెలియదు. ఆమె నీళ్ళు వంపుకుని, కుండ కడిగి, అక్కడే బోర్లించింది. తెల్లారేసరికి కుండ లేదు. సాయంత్రానికి మళ్ళీ నిండి ఉంది.

"మనూర్ల గిట్ల గాచారం ఎన్నడు సూడలె" అన్నది అమృతమ్మ. "ఒక్క గీత మారుస్తె ఏమైతదో నాకైతె తెల్వది. నువ్వు మార్చవని మాత్రం తెల్సు."

"మారుస్తె ఇంక ఆ బుక్కుల ఉన్నది ఏదీ నిజం కాదు."

"నేను మార్చుమంటలేను. కందిపప్పు ఒక్క పూటకే ఉన్నది అని చెప్తున్న."

ఆ మాపటికి నాగులమ్మ వచ్చింది. కొంగు నెత్తి మీదుగా కప్పుకుని, గోడ నీడలో కూర్చుంది.

"పంతులయ్యా, నీ కాల్మొక్త. దిద్దియ్యి. నీ మీదికి మనుషులను తోలుతరంట. మాకు కూలి కొత్తగాదు. మేం చేతులతోని బతికినోళ్ళం."

"నువ్వు పెట్టిన కేసు నాగులమ్మా, నువ్వే వద్దంటె ఎట్ల?"

"మీ అయ్య ఏరిన రాళ్ళని పిలగానికి రోజు చూపించిన. గందుకే పెట్టిన. నిన్ను సంపనీకి పెట్టలె."

"నన్ను చంపరు. నల్లగొండకు ఎనిమిదో తారీఖున పోతం. పొద్దుగాల్నే తయారుండు."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే, లేచేముందు గచ్చు మీద పడిన చింతాకులు చేత్తో ఊడ్చి దోసిట్లోకి ఎత్తుకుంది.

ఆమె వెళ్ళాక చెన్నయ్య ట్రంకు పెట్టె తెరిచి రిజిస్టరు తీశాడు. ఎర్రగుడ్డ విప్పి పేజీలు తిప్పాడు. పదకొండేళ్ళ కింద పెద్దులు కొడుకును భుజాన ఎక్కించుకుని తెచ్చిన రోజు జ్ఞాపకం వచ్చింది. పిల్లవాడి రెక్క ఎముకలు చొక్కా లేని వీపు మీద పొడుచుకుని కనబడ్డాయి. "ఎన్నేండ్లు?" అంటే "ఆరేండ్లుంటయేమో, మేం లెక్కపెడ్తమా అయ్యా" అన్నాడు పెద్దులు. చెన్నయ్య పిల్లవాణ్ణి కిటికీ గూడు పక్కన నిలబెట్టి, ఎత్తు చూసి, ఆరు రాశాడు. ఎవరిని తెచ్చినా అంతే. తేదీ తెలియనివాళ్ళకు సంవత్సరాదైన అజూర్ ఒకటి రాసేవాడు. బళ్ళో అందరికీ ఒక్కటే పుట్టినరోజు. సాహెబులు ఏ రోజూ అదేమిటని అడగలేదు. పిల్లలను తెచ్చేది తండ్రులు. తల్లులను ఆయన ఎన్నడూ అడగలేదు.

ఇంతకు ముందే ఆ తల్లి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. పిలగాడు ఎప్పుడు పుట్టిండు అని అడగడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఆయన అడగలేదు. పుస్తకం మళ్ళీ గుడ్డలో చుట్టి, ముడి గట్టిగా వేశాడు.

ఏడో తేదీ మధ్యాహ్నం వచ్చారు. కాటమయ్య, ఇంకా ఇద్దరు. ఆ ఇద్దరిదీ పక్క ఊరు. మొహాలు తెలియవు. పిల్లలు లేని గదిలో చెన్నయ్య పలకలు తుడుస్తున్నాడు. మూడు రోజులుగా వాడని పలకలకు దుమ్ము పట్టింది.

ఒకడు పెట్టెను కాలితో తన్నాడు. తాళం ఊడలేదు. ఇంకొకడు ఆయన్ను రెండు రెక్కలూ పట్టుకుని గోడకు అదిమాడు. తలపాగా జారి కింద పడింది. కాటమయ్య దాన్ని తీసి, దులిపి, మేకుకు తగిలించాడు.

"బుక్కు ఇస్తవా పంతులూ?"

"ఇయ్య."

"దొర ఏం చెప్పిండో ఎరికేనా? ఇయ్యకుంటె రాసే చెయ్యి ఇరగ్గొట్టుమన్నడు."

చెన్నయ్య పాదాలు గోడకు ఆనించుకున్నాడు. వెనక గదిలో అమృతమ్మ తలుపు బాదుతోంది. బయటి నుంచి గొళ్ళెం పెట్టేశారు.

కాటమయ్య దగ్గరికి వచ్చి, ఆ ఇద్దరికీ వినబడాలన్నట్టు గట్టిగా అడిగాడు. "ఏ చేతితోటి రాస్తవు?"

"కుడి చేతితోటి" అన్నాడు చెన్నయ్య.

కాటమయ్య ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. "ఎడమ చెయ్యట" అన్నాడు ఆ ఇద్దరికేసి తిరిగి. "ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టుండ్రి."

కర్ర రెండుసార్లు పడింది. మొదటి దెబ్బకు చెన్నయ్య అరిచాడు. రెండో దెబ్బకు గొంతు రాలేదు. పక్క ఊరివాళ్ళలో ఒకడు "పాయె, గీ ముచ్చట అయిపాయె" అన్నాడు, మోట కొట్టి దిగినవాడిలా. పెట్టె వైపు తిరిగిన రెండోవాణ్ణి కాటమయ్య, "దొర చెప్పింది చెయ్యి ముచ్చటే" అని ఆపాడు. వెళ్ళేటప్పుడు వెనక గది గొళ్ళెం తీసి, లోపలికి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎముకలు కట్టే గాలయ్యను పిలిచేవాళ్ళు లేరు. అతనే వచ్చాడు. మేకలు మేపుకుంటూ బడి వెనకగా వచ్చినట్టు వచ్చి, వెదురు బద్దలు, గుడ్డపేలికలు, రెండు కోడిగుడ్లు పెరట్లోంచి అందించాడు. మణికట్టు పట్టుకుని లాగుతూ, "మా పిలగానికి నువ్వు నేర్పిన ఎక్కం ఒకటి చదువు పంతులూ, పదమూడుది చదువు" అన్నాడు. చెన్నయ్య పళ్ళు బిగబట్టి చదివాడు. పదమూడు ఆర్ల దగ్గర ఎముక చప్పుడైంది. "అయిపాయె" అన్నాడు గాలయ్య. అమృతమ్మ తెల్లసొన పూసిన గుడ్డ చుట్టి ముడి వేసింది.

ఎనిమిదో తేదీ ఇంకా మసక ఉండగానే ముగ్గురూ బయల్దేరారు. రిజిస్టరు ఎల్లస్వామి మోశాడు. మీసం ఇంకా సరిగా రాని మొహం, పొడుగు చేతులు. దారంతా దాన్ని రొమ్ముకు హత్తుకుని నడిచాడు. కేతేపల్లిలో నల్లగొండ మోటరు ఎక్కారు. గతుకుల్లో చెయ్యి కదలకుండా నాగులమ్మ తన కొంగు మడిచి చెన్నయ్య మోచేతి కింద పెట్టింది.

కచేరీలో మున్సిఫు సాహెబు పెద్దవాడు. తెలుగు మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుని మాట్లాడేవాడు. చెన్నయ్యను చూడగానే, "చేతికి ఏమైంది?" అని అడిగాడు.

"కొట్టారు హుజూర్. రిజిస్టరు దిద్దమని."

మున్సిఫు కట్టుకేసి చూసి, ఏదో రాసుకున్నాడు. కూర్చోవడానికి కుర్చీ వేయించాడు. నాగులమ్మ తరపు వకీలు నవ్వుమొహంతో రిజిస్టరు ముందుకు జరిపాడు. 1338 అజూర్ ఒకటి. దిద్దుబాటు లేదు. సంతకాలున్నాయి.

దొర వకీలు లేచాడు. మొదటి నుంచి చివరిదాకా పేజీలు తిప్పి, "పంతులుగారూ, మీ ఊళ్ళో పిల్లలందరూ సంవత్సరాది నాడే పుడతారా?" అన్నాడు. అందరూ నవ్వారు. మున్సిఫు కూడా నవ్వు ఆపుకున్నాడు.

"తేదీ నాది హుజూర్. వయసు తండ్రి చెప్పింది."

"తల్లిని అడిగారా?"

చెన్నయ్య రిజిస్టరుకేసి చూశాడు. "లేదు."

"ఈ చెయ్యి చూసి మీ మాట నమ్మాలనే ఉంది నాకూ. అయినా కన్నతల్లి ఇక్కడే ఉండగా మనకు పుస్తకమెందుకు?" అని వకీలు నాగులమ్మను బోనులోకి పిలిపించాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు. "ఏమమ్మా, కొడుకు ఎప్పుడు పుట్టిండో పంతులుకు తెలుస్తది గాని, కన్నదానికి తెల్వదా? యాది లేదా?"

నాగులమ్మ బోను కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "యాది లేకేమి? గా దినం యాది మరుస్తనా?"

చెన్నయ్య కుర్చీలోంచి సగం లేచాడు. పక్కనున్న బంట్రోతు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"నా కొడుకు పెద్దదొర సచ్చిన నాడు పుట్టిండు సారూ. గీ దొర తండ్రి. పీనుగ లేసేదాక ఊళ్ళె ఎవ్వరింట్ల పొయ్యి ముట్టియ్యొద్దని డప్పు కొట్టిచ్చిండ్రు. పొగ కనబడ్డ ఇల్లు పీకేస్తమన్నరు. నాకు పొద్దు పొడవంగ నొప్పులు లేసినయి. ఉడుకునీళ్ళకు దిక్కులేదు. మా అత్త గుర్వమ్మ సల్లనీళ్ళతోని కడిగింది పిలగాన్ని. వాడు నీలుక్కపోయిండు. ఏడిస్తె గడికి ఇనబడ్తదని నోరు మూసింది. వాడలనే ఉన్నది మా ఇల్లు, గడి గోడకు పక్కన. పీనుగ లేసింది మాపటికి. గంతదాక నా కొడుకు ఏడుపు నేను ఇనలేదు సారూ. సచ్చిండో బతికిండో తెల్వది. నేను పండుకొని పొయ్యి దిక్కే సూస్తున్న. పుల్లలున్నయి, అగ్గున్నది. ముట్టిస్తె సాలు. ముట్టియ్యలేదు."

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. మున్సిఫు చేతిలో కలం కాగితానికి పైనే ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పింది రాసుకోవాలా? మళ్ళీ ఒకసారి ఆలోచించుకో. ఆ రోజేనా, వేరే రోజు కావచ్చునా?"

చెన్నయ్య ఆమెకేసే చూశాడు. ఆమె ఆయనకేసి చూడలేదు.

"గా దినమే సారూ. రాసుకోండ్రి. మంచిగ రాసుకోండ్రి. గిన్నేండ్లల్ల నన్ను అడిగినోడివి నువ్వొక్కడివే."

మున్సిఫు రాసుకున్నాడు.

పెద్దదొర చనిపోయిన తేదీకి వెతుకులాట అక్కర్లేదు. అతని వారసత్వం కాగితాల నకలు దొర వకీలు సంచిలోనే ఉంది. 1336 ఫర్వర్ది. చెన్నయ్య కుడిచేతి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాడు. 1354 ఖుర్దాద్‌లో వేలిముద్ర. పద్దెనిమిదేళ్ళ రెండు నెలలు. మళ్ళీ లెక్కపెట్టాడు. రెండు నెలలే. పక్కన ఎల్లస్వామి పెదవులు కూడా కదులుతున్నాయి. మూడో జమాతు దాకా చదివినవాడు, కూడికలు తప్పేవాడు కాదు. తల్లికేసి చూసి, తల దించుకున్నాడు.

నాగులమ్మ బోను దిగి వచ్చి, "చెప్పిన పంతులయ్యా, అంత చెప్పిన. సారు నా మాటలన్ని రాసుకున్నడు" అన్నది. మొహం చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం తీర్పు ఉర్దూలో చదివారు. వేలిముద్ర విషయంలో బలవంతం చూసిన సాక్షులు లేరు. వయసు నిండింది. కాగితం చెల్లుతుంది. నాగులమ్మ వకీలు ఆమెతో "కేసు పోయిందమ్మా" అని మాత్రం చెప్పి ఇంకో గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె ఎట్ల పోయింది, ఎందుకు పోయింది అని అడుగుతూ కొంతదూరం అతని వెంట నడిచి, ఆగిపోయింది.

మోటరు దిగి కేతేపల్లి దాటి నడుస్తుండగా ఆమె రెండుసార్లు అడిగింది. "అంత నిజమే చెప్పిన గదరా? నిజం చెప్పినంక ఎట్ల పాయెరా?" ఎల్లస్వామి నడక పెంచాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. కేసు కబురు వాళ్ళకన్నా ముందే వచ్చింది. బడి ముందర కాటమయ్య ఎదురయ్యాడు. తలెత్తకుండా, "రేపటిసంది పిలగాండ్లు వస్తరు పంతులూ" అని చెప్పి పోయాడు.

అమృతమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాగులమ్మ తాగలేదు. గడప ముందరే నిలబడింది.

"నువ్వు చదువుకున్నోనివి. నువ్వన్న చెప్పు. ఎవని మాటకు పోయింది నా భూమి? నేనేమన్న తప్పు చెప్పిన్నా?"

ఎల్లస్వామి రిజిస్టరు పట్టుకుని గోడ పక్కన బిగుసుకుపోయాడు. చెన్నయ్య వాడికేసి చూడలేదు.

"నీ మాట తప్పు లేదు నాగులమ్మా. నీ మాట విని సాహెబు కూడా కళ్ళు తుడుచుకున్నడు. తప్పు నాది. అందరు పిలగాండ్లకు ఒక్కటే తేదీ రాసిన. గది చూసి నా బుక్కే నమ్మలేదు. బుక్కు నమ్మక కేసు కొట్టేసిండు."

"బుక్కా?"

"బుక్కే."

"గంటే నీ రాతకు పోయిందా నా నాలుగెకరాలు?"

"నా రాతకే."

ఆమె వంగి గుప్పెడు దుబ్బ తీసి ఆయన మొహాన కొట్టింది. "నీ చేతులు రెండూ ఇరగ! నమ్మి నీ ఎంట వస్తి గదరా! నా మొగడు గోర్లు ఊడంగ రాళ్ళేరిండు. పిలగాండ్ల తారీఖు రాయరాదా నీకు? గందుకేనా సర్కారు నీకు కూడు పెట్టేది?"

అమృతమ్మ "ఏమే!" అంటూ ముందుకు వచ్చింది. చెన్నయ్య మంచి చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్ళలో పడిన మట్టి తుడుచుకోలేదు.

నాగులమ్మ తిడుతూనే వాడ వైపు నడిచింది. ఎల్లస్వామి లోపలికి వచ్చి, రిజిస్టరును పెట్టె మీద అంచులు సరిచూసి పెట్టాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు. "పోతున్న పంతులయ్యా" అని మాత్రం అన్నాడు. తల్లి వెనకాల పరుగెత్తాడు.

అమృతమ్మ తడిగుడ్డతో ఆయన మొహం తుడిచింది. "నిజంగ గట్లనే అయ్యిందా?"

"పిలగాడు ఎన్నడు పుట్టిండని ముందే నేను అడిగితే అయిపోయేది. రెండు రోజుల కింద, గీ గోడ కాడ కూసున్నది. నేనే అడగలె."

అమృతమ్మ లేచి తలుపు మూయడానికి వెళ్ళింది.

"ఉండనీ" అన్నాడు చెన్నయ్య. "ఆమె ఇంక దూరం పోలేదు. మొహం మీద వేసినట్టుంటది."

అమృతమ్మ తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది. నాగులమ్మ గొంతు ఒక్కో ఇంటి ముందర ఆగి, ఆ ఇంటివాళ్ళకు పంతులు చేసిన పని చెప్పి, మళ్ళీ ముందుకు సాగుతోంది. మలుపు తిరిగాక మాటలు తెలియలేదు, గొంతు ఒక్కటే తెలిసింది. తర్వాత అదీ ఆగిపోయింది. అమృతమ్మ ఇంకాస్సేపు ఆగి, గొళ్ళెం చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు మెల్లగా మూసింది.